బొగ్గుపొర గ్యాస్, కింది నీరు, మన ఊట లెక్క

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి థింసా చూశాం, పాటలు విన్నాం. ఇప్పుడు గ్యాస్ గురించి చెప్తామంటే మీలో కొందరు భోజనాల వైపు చూస్తున్నారు. ఫర్వాలేదు. మేము హాస్టల్ నడిపే వాళ్ళం, ఆకలి చూపులు మాకు కొత్త కాదు. వంట పూర్తయ్యేలోపు ముగిస్తాం.

మాకిచ్చిన అంశం బొగ్గుపొరల నుంచి తీసే మీథేన్ గ్యాస్, దానివల్ల నేలకీ నీటికీ జరిగే మార్పు. హాస్టల్ వాళ్ళం కాబట్టి పొద్దున్న లేవగానే మాకు వచ్చే మొదటి ఆలోచన ట్యాంకులో నీళ్ళున్నాయా లేవా అని. రెండో ఆలోచన సిలిండర్ ఉందా అని. ఈ అంశంలో ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. గ్యాస్ రావాలంటే ముందు నీళ్ళు పోవాలి. అది ఎలాగో ముందు చెప్తాం. తర్వాత మన కొండలకీ దానికీ ఏమిటి సంబంధమో చెప్తాం. చివర్లో మీకు ఒక పని అప్పజెప్తాం.

ముందు ఒక చిన్న తేడా. మన వంటింటి సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. బొగ్గుపొరలో ఉండేది మీథేన్. పట్టణాల్లో పైపుల్లో ఇళ్ళకి వచ్చేదీ, ఆటోలకు కొట్టే సీఎన్‌జీ కూడా ప్రధానంగా మీథేనే. బొగ్గు అంటే కోట్ల ఏళ్ళ కిందటి అడవి మట్టిలో కూరుకుపోయి, పైన బరువు పడి, వేడెక్కి తయారైనది. అలా తయారయ్యేటప్పుడే దాంట్లో మీథేన్ కూడా పుడుతుంది. బొగ్గు ముక్క పైకి గట్టిగా కనిపించినా లోపల లెక్కలేనన్ని సన్నని బీటలు, రంధ్రాలు ఉంటాయి. వాటి గోడలకు గ్యాస్ అతుక్కుని ఉంటుంది. ఆ బీటల నిండా నీరుంటుంది. ఆ నీటి ఒత్తిడే గ్యాస్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది.

గోలీసోడా మీ అందరికీ తెలుసు. గోలీ మూతికి బిగిసి ఉన్నంతసేపూ సోడా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. వేలితో గోలీని లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి గ్యాస్ బుసబుసమని పైకి వస్తుంది. బొగ్గుపొర సంగతీ అంతే. కాకపోతే అక్కడ ఒత్తిడి తగ్గించడానికి గోలీ నొక్కితే సరిపోదు, పొరలో ఉన్న నీటిని తోడెయ్యాలి. వందల మీటర్ల లోతుకి, కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు దాటి, బావి దించుతారు. చాలాచోట్ల నీళ్ళూ ఇసకా కలిపి పెద్ద ఒత్తిడితో పంపి పొరను చీలుస్తారు. తర్వాత పంపు పెట్టి నీళ్ళు లాగుతారు. మొదట్లో నీళ్ళే ఎక్కువ, గ్యాస్ తక్కువ. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు తోడాక నీళ్ళు తగ్గి గ్యాస్ పెరుగుతుంది. మామూలు గ్యాస్ బావిలో దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ గ్యాస్ ముందొస్తుంది, నీళ్ళు తర్వాత పెరుగుతాయి.

మన దేశంలో దీనికి ప్రత్యేక విధానం 1997లో వచ్చింది. పశ్చిమ బెంగాల్ రాణీగంజ్ దగ్గర 2007లో వ్యాపారానికి సరిపడా ఉత్పత్తి మొదలైంది. మధ్యప్రదేశ్‌లో షాడోల్ వైపు సోహాగ్‌పూర్ బ్లాకుల్లో రిలయన్స్ సంస్థ 2017 మార్చిలో మొదలుపెట్టింది. ఆ గ్యాస్ షాడోల్ నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఫూల్పూర్ దాకా 302 కిలోమీటర్ల పైపులో వెళ్తుంది. షాడోల్ అంటే గోండులు, బైగాలు, కోల్ జనం ఉండే చోటు. అంటే మన బంధువర్గమే అనుకోండి. మన తెలుగు నేలలో బొగ్గు ఉన్నది గోదావరి లోయలో. సింగరేణి గనులు అక్కడివే. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు కోయ పల్లెలకు బొగ్గు సంగతి తాతల నాటి నుంచి తెలుసు. ఆ లోయ బొగ్గుపొరలను కూడా మీథేన్ కోసం బ్లాకులు చేసి ప్రభుత్వం వేలంలో పెట్టింది.

ఇప్పుడు ఒక చెల్లి అడగవచ్చు: అక్కా, మన శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో బొగ్గు లేదు కదా, మాకెందుకు ఇదంతా? నిజమే, మన కొండల్లో బొగ్గుపొరలు లేవు. మన కొండరాయి బొగ్గు కంటే ఎంతో పాతది. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి అది. దానికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖోండలైట్. ఆ పేరు మన కోందుల పేరు మీదే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివినా మన జాతి పేరు పలకాల్సిందే. చదువుకునే పిల్లలు ఇది గుర్తుంచుకోండి.

అయినా ఈ విషయం మనకు కావాలి. మూడు కారణాలు చెప్తాం. ఒకటి, బొగ్గు మన దగ్గర లేకపోయినా గ్యాస్ పైపు మన దారిన వస్తోంది. గెయిల్ సంస్థ చేపట్టిన శ్రీకాకుళం–అంగుల్ పైప్‌లైన్ మన జిల్లా పేరుతోనే మొదలవుతుంది. రెండు, మీలో ఐటీఐ, డిప్లొమా చదివే వాళ్ళున్నారు. రిగ్గుల మీద, పైప్‌లైన్ల మీద పనికి వెళ్తారు. చేసే పని దేనికో తెలిసి చెయ్యడం మంచిది. మూడోది అన్నిటికంటే పెద్దది. మన కొండల్లో మాంగనీసు, గ్రాఫైట్, గ్రానైట్ ఉన్నాయి. పక్క కొండల్లో బాక్సైట్ ఉంది. తవ్వేది ఏదైనా కింది నీటి గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న ఎలా అడగాలో బొగ్గుపొర గ్యాస్ కథ బాగా నేర్పుతుంది, ఎందుకంటే అక్కడ నీళ్ళు తోడడమే పని.

నీటికి ఏమవుతుందో చూద్దాం. మొదటిది మట్టం తగ్గడం. లోతు పొరలో నీళ్ళు లాగినప్పుడు పైన ఉన్న మన నూతుల్లో నీళ్ళు తగ్గుతాయా? దీనికి అన్ని చోట్లా ఒకే జవాబు లేదు. బొగ్గుపొరకీ పై నీటికీ మధ్య నీరు దిగని గట్టి పొర ఉంటే పైన పెద్దగా తెలియకపోవచ్చు. మధ్యలో ఇసకరాయి ఉన్నా, బీటలున్నా, సరిగా మూయని పాత బోర్లున్నా పైనున్న నీరు కిందికి జారుతుంది. కాబట్టి అంతా ఎండిపోతుందని బెదిరించేవాళ్ళ మాటా, ఏమీ కాదని భరోసా ఇచ్చేవాళ్ళ మాటా కొలిచి చూపించేదాకా నమ్మక్కర్లేదు.

రెండోది తోడిన నీరు. ఆ నీరు ఎన్నో ఏళ్ళుగా బొగ్గులో ఊరిన నీరు. కొన్నిచోట్ల తాగడానికి దగ్గరగా ఉంటుంది. చాలాచోట్ల ఉప్పగా, సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటుంది. ఫ్లోరైడ్ ఉండవచ్చు. ఈ నీటిని శుద్ధి చెయ్యవచ్చు, మళ్ళీ లోతుకి పంపవచ్చు, చెరువుల్లాంటి గుంటల్లో నిలవ పెట్టవచ్చు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే వాడికి అన్నిటికంటే తేలిక దారి గెడ్డలోకి వదిలెయ్యడం. అందుకే ఆ నీరు ఎటు పోతోందో చూసే కళ్ళు ఊళ్ళోనే ఉండాలి.

సోడియం నీరు పొలంలోకి వస్తే ఏమవుతుందో మీరే ఇంట్లో చూడవచ్చు. రెండు గాజు గ్లాసుల్లో పొలం బంకమట్టి కాస్త వేసి, ఒకదాంట్లో వాన నీరు, రెండోదాంట్లో చిటికెడు వంటసోడా కలిపిన నీరు పొయ్యండి. కలిపి వదిలెయ్యండి. వాన నీటి గ్లాసు తేరుకుంటుంది. సోడా గ్లాసు చాలాసేపు బురదగానే ఉంటుంది. సోడియం మట్టి రేణువులను విడదీసేస్తుంది. పొలంలో అయితే ఆ రేణువులు మట్టి రంధ్రాలను పూడ్చేస్తాయి. తడిస్తే జిగురు, ఎండితే పెంకు. నీరు కిందికి దిగదు, వేరుకు గాలి ఆడదు. మన రైతులు దాన్నే చవుడు నేల అంటారు. జిప్సం వేసి, మంచి నీరు పెట్టి బాగుచెయ్యవచ్చు గానీ దానికి ఏళ్ళూ డబ్బూ పడతాయి. అర ఎకరం పల్లం ఉన్న ఇంటికి ఆ ఏళ్ళు ఎవరిస్తారు?

ఇక నేల. ఒక్క పెద్ద గని ఒకచోట ఉంటుంది. గ్యాస్ బావులు అలా ఉండవు. కొన్ని వందల మీటర్లకొకటి చొప్పున పరుచుకుంటాయి. ఒక్కో బావికి చదును చేసిన స్థలం, దానికి లారీ వెళ్ళే రోడ్డు, గ్యాస్ పైపు, నీటి పైపు, కొన్ని బావులకొక కంప్రెషర్. ఒక్కోటి చూస్తే చిన్నదే. అన్నీ కలిపి చూస్తే మేత భూమి ముక్కలవుతుంది, కాలవ దారి మారుతుంది. ఇక గాలి సంగతి. మీథేన్ కాలితే బొగ్గు కంటే పొగ, బూడిద తక్కువ. అది మంచిదే. గని తవ్వకముందే మీథేన్ తీసేస్తే గని లోపల పేలుళ్ళ ప్రమాదం తగ్గుతుంది, కార్మికుడి ప్రాణానికి రక్షణ. ఇదీ మంచిదే, దాచక్కర్లేదు. కానీ కాలకుండా గాలిలోకి కారిన మీథేన్, వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కలో 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి ఎంత తీశారన్నది ఒక లెక్క, ఎంత కారిందన్నది ఇంకో లెక్క.

మనలాంటి జనాలు వేరే దేశాల్లో దీన్ని ఎలా ఎదుర్కొన్నారో రెండు సంగతులు చెప్తాం.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో సదరన్ యూట్ అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్ళ పాత భూముల్లో కొంత భాగం పైన వేరేవాళ్ళు స్థిరపడ్డారు, కింద బొగ్గు మాత్రం తెగకు చెందింది. బొగ్గు మాదైతే బొగ్గులో ఉన్న గ్యాస్ కూడా మాదే కదా అని వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు కాదంది. 1909, 1910 చట్టాల్లో రాసింది బొగ్గు అని, ఆ రోజుల్లో జనం బొగ్గు అంటే గట్టి రాయినే అనుకునేవారు గానీ గ్యాస్‌ను కాదు అని తీర్పు చెప్పింది. తొంభై ఏళ్ళ కిందటి కాగితంలో ఒక్క మాట, దాని మీద ఒక జాతి ఆస్తి తేలిపోయింది. అయితే వాళ్ళు అక్కడితో ఆగలేదు. అంతకు ముందే, 1992లో, రెడ్ విల్లో అనే సొంత గ్యాస్ కంపెనీ పెట్టుకున్నారు. తెగ మనుషులే బావులు, లెక్కలు నేర్చుకున్నారు. కాగితం చదవడం, కొలత నేర్వడం రెండూ ఎందుకో ఈ కథలో ఉంది.

రెండోది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్. అక్కడ బొగ్గుపొర గ్యాస్ బావులు వేలల్లో ఉన్నాయి, రైతుల బోర్లూ ఉన్నాయి. అక్కడి నీటి చట్టం ప్రకారం కంపెనీ చుట్టుపక్కల రైతు బోర్లను ముందే పరీక్షించి, నీటి మట్టం ఎంత, నాణ్యత ఎలా ఉంది అని రాయాలి. తర్వాత బోరు దెబ్బతింటే, లోతు పెంచడమో, వేరే నీరు ఇవ్వడమో, పరిహారమో, ఏదో ఒకటి చేసి సరిచెయ్యాలి. ఆ రైతుకు ఉన్న బలమంతా ముందు రాసిన ఆ లెక్కలో ఉంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మా హాస్టల్లో చదివే ఒక అమ్మాయి సంక్రాంతి సెలవులకి వెళ్ళి రావాల్సిన రోజుకి రాలేదు. వారం తర్వాత వచ్చింది. ఎందుకని అడిగితే, ఇంటి దగ్గర ఊట సన్నబడింది, అమ్మ కూలికి వెళ్తే నీళ్ళకు నేనే వెళ్ళాలి, రెండు బిందెలకి పూట పోతోంది అంది. కొండకు అవతలి వైపు రాయి తవ్వుతున్నారు. ఊరివాళ్ళు అందరూ అదే కారణమన్నారు, అర్జీ పెట్టారు. చూడడానికి వచ్చినాయన ఒకే ప్రశ్న అడిగారు: ఇంతకు ముందు నీళ్ళు ఎంత వచ్చేవి? తాతలు చెయ్యి చాపి ఇంత లావు ధార అని చూపించారు. అమ్మలు గంటలో ఊరంతా పట్టుకునేవాళ్ళం అన్నారు. ఆయన రాసుకునే కాగితంలో ఆ మాటలు పట్టే గడి లేదు. నీళ్ళు తగ్గింది వానలు తగ్గినందుకు కావచ్చు అని రాసుకుని వెళ్ళిపోయారు. కావచ్చు. కాకపోవచ్చు. వాన వల్లో తవ్వకం వల్లో తేల్చడానికి ఆ ఊరి దగ్గర ఏ అంకే లేదు.

మన కొండల్లో నీరు ఉండే తీరు తెలిస్తే ఆ అంకె ఎంత అవసరమో అర్థమవుతుంది. గోదావరి లోయలో ఇసకరాయి పొరలు వందల మీటర్ల లోతు దాకా నీటిని దాచుకుంటాయి. మన ఖోండలైట్ కొండల్లో నీరు పైన మెత్తబడిన పొరలోనూ, రాతి బీటల్లోనూ మాత్రమే ఉంటుంది. అంటే మనది చిన్న కుండ. వానకి నిండుతుంది, ఊటగా కారుతుంది. కొండ పైపొర తీసేసినా, బీటలు చెదిరినా ఆ కుండకు చిల్లు పడినట్టే. పైగా కింది నీటికి గట్టు ఉండదు. పొలానికి హద్దు రాయి వేస్తాం, పట్టా తెచ్చుకుంటాం. నీరు పట్టా చూసి ఆగదు. పక్క కొండ మీద జరిగింది మన చెలమలో తెలుస్తుంది.

చట్టం మాటకి వద్దాం. ఇది సగం తెలిస్తే సమస్య, పూర్తిగా తెలియాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గిరిజనేతరులకు, కంపెనీలకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో సమతా కేసులో చెప్పింది. ఆ కేసు పుట్టింది మన పక్కనే, అనంతగిరి కొండల్లో. 1996 పెసా చట్టం ప్రకారం ఇసుక, రాయి, గ్రానైట్ లాంటి చిన్న ఖనిజాలకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. కానీ బొగ్గు, గ్యాస్ చిన్న ఖనిజాల్లోకి రావు. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభ సమ్మతి అడుగుతుంది. పైప్‌లైన్లకు మాత్రం 1962 నాటి వేరే చట్టం ఉంది. మన గిరిజన గ్రామాలు చాలా షెడ్యూల్డ్ ప్రాంతానికి బయటే ఉండిపోయాయి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు. అక్కడ పెసా వర్తించదు. మీ ఊరు లోపల ఉందా బయట ఉందా? ఈ రాత్రి ఇంటికెళ్ళి పెద్దవాళ్ళను అడగండి. తెలియకపోతే ఐటీడీఏ కార్యాలయంలో అడగండి.

ఆ 1962 పైప్‌లైన్ చట్టం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలకు ఎక్కువగా తగిలేది అదే. ఆ చట్టం కింద భూమి మీ పేరునే ఉంటుంది, వినియోగ హక్కు మాత్రం తీసుకుంటారు. పైపు పూడ్చాక మళ్ళీ వరో చోడో వేసుకోవచ్చు. కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెరువు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. మన మెట్టల మీద బతుకు జీడితోట మీద, మామిడి మీద కదా. వరి రైతుకి ఒక పంట నష్టం, జీడి రైతుకి ఆ పట్టీలో ఇక జీడే లేదు. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం రాసి ఇవ్వాలి. పరిహారంగా జరిగిన నష్టం, దానితోపాటు ఆ భూమి మార్కెట్ విలువలో పది శాతం అని చట్టంలో ఉంది. పేరు రికార్డులో లేకపోతే ఇవేవీ చేతికి రావు. అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్ళు దాని నకలు రెండు చోట్ల దాచుకోండి.

పర్యావరణ అనుమతుల్లో కూడా ఒక మెలిక ఉంది. గ్యాస్ ఉత్పత్తి మొదలుపెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ 2020 జనవరిలో వచ్చిన సవరణ తర్వాత, అన్వేషణ కోసం వేసే బావులకు ఆ సభ అక్కర్లేదు. అంటే రిగ్గు లారీ ఊళ్ళోకి వచ్చేదాకా ఊరికి తెలియకపోవచ్చు. అప్పుడు లెక్క మొదలుపెడితే ఆలస్యం. అందుకే ఎవరూ రాకముందే మొదలుపెట్టాలని మేము అంటున్నాం.

గ్రామసభ మాటకి విలువ ఉందా అని అనుమానం వస్తే తూర్పు కనుమల్లోనే అవతలి వైపు చూడండి. నియంగిరి. ఆ కొండల నీళ్ళు వంశధారలో కలిసి మన శ్రీకాకుళం పొలాలకు వస్తాయి. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. 12 కి 12 వద్దన్నాయి. డోంగ్రియా కోందు అమ్మలు, అయ్యలు తమ కొండ, తమ ఊటలు, తమ దేవుడు గురించి తమ భాషలో చెప్పారు. గొట్టా బ్యారేజీ కింద వరి పండించే రైతుకి ఆ పన్నెండు ఊళ్ళ పేర్లు తెలియకపోవచ్చు. ఆ నీరు అతని దాకా వస్తూనే ఉంది.

ఇక మీ పని. దీనికి డబ్బు అక్కర్లేదు. ఒక బకెట్, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం చాలు.

ఊట దగ్గర ధార కింద 20 లీటర్ల బకెట్ పెట్టండి. నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. మూడుసార్లు చేసి సగటు తియ్యండి. ఉదాహరణకు 40 సెకన్లు పట్టిందనుకోండి, నిమిషానికి 30 లీటర్లు, రోజుకి 43,200 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. అంటే ఆ ఊట సుమారు 785 మందికి సరిపోతుంది. అదే ఊటకు 160 సెకన్లు పడుతుంటే రోజుకి 10,800 లీటర్లు, 196 మందికే. ఇది ఏడో తరగతి లెక్క. మా పిల్లలు నోటితో చేస్తారు.

నూతికి అయితే తాడుకి రాయి కట్టి, ఒడ్డు నుంచి నీటి దాకా ఎన్ని అడుగులో కొలవండి. పొద్దున్నే, ఎవరూ తోడకముందు. నెలకి రెండుసార్లు, ఒకటో తేదీ, పదిహేనో తేదీ. పక్కనే వాన పడిన రోజులు రాయండి. ఇది మరిచిపోవద్దు. వాన లెక్క లేకపోతే, నీళ్ళు తగ్గింది వాన వల్లే అన్నవాడికి మీ దగ్గర జవాబు ఉండదు.

ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకటి, వానలయ్యాక ఒకటి, నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలున్నాయి. జల్ జీవన్ మిషన్ నియమాల ప్రకారం ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్టు వాడడంలో శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. లేకపోతే మా చెల్లెళ్ళ పేర్లు ఇవ్వండి అని అడగండి. చూడాల్సిన అంకెలు రెండు గుర్తుంచుకోండి. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీరు లేనప్పుడు 2,000 దాకా. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతూ ఎన్ని బృందాలు వచ్చాయో, నీళ్ళూ మట్టీ ఎన్నిసార్లు పట్టుకెళ్ళాయో మీరు వార్తల్లో చూశారు. ఇదీ కారణమని ఒక్కటి తేల్చడం ఎంత కష్టమైందో కూడా చూశారు. ఊరూరికీ పాత నీటి లెక్క ఉంటే వెతకడం కొంతైనా సులువయ్యేది.

ఇంకో మెట్టు ఉంది, అది లేకపోతే పైదంతా మీ సొంత డైరీ మాత్రమే. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి వినిపించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించమని అడగండి. పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ ఉండాలి. ఒక నకలు బడిలో, ఒకటి సంఘం దగ్గర. ఫొటో తీసి దాచండి. మీరు చదువుకో, పనికో విశాఖ, హైదరాబాద్ వెళ్ళిపోతే పుస్తకం ఎవరికి అప్పజెప్తారో ముందే చెప్పుకోండి. ఊట కొలిచే పిల్ల పెళ్ళయి వేరే ఊరెళ్తే లెక్క ఆగిపోకూడదు, వెళ్ళిన ఊళ్ళో ఇంకో లెక్క మొదలవ్వాలి.

ఒక తమ్ముడికి అనుమానం రావచ్చు, ఇదంతా చేస్తే అభివృద్ధికి అడ్డం పడ్డట్టు కాదా అని. కాదు. రేపు నిజంగానే మంచి పని వచ్చి, నీటికి హాని లేదని కొలతలో తేలితే, అదే పుస్తకం చూసి ఊరు ధైర్యంగా ఒప్పుకోవచ్చు. హాని ఉందని తేలితే అదే పుస్తకం చూపించి ఆపమనవచ్చు, పరిహారం అడగవచ్చు. లెక్క లేని ఊరు వద్దన్నా వినరు, సరే అన్నా మోసపోతుంది.

మా హాస్టల్లో ఈ ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయిలతో ఈ పని మొదలుపెడుతున్నాం. దసరా సెలవులకి వెళ్ళే ప్రతి పిల్ల చేతిలో ఒక నోటు పుస్తకం పెడతాం. మొదటి పేజీలో ఊరి పేరు, ఊట పేరు, ఆ ఊటకు మన భాషలో ఏ పేరుందో అదీ రాయించి పంపుతాం. సవరలో ఉన్న పేరు సవరలోనే, కువిలో ఉన్న పేరు కువిలోనే, తెలుగు లిపిలో. మీరు మా కంటే పెద్దపిల్లలు, ఫోన్లున్న వాళ్ళు. వచ్చే ఏడాది ఇదే సభకి వచ్చేటప్పుడు మీ ఊరి పుస్తకం తెచ్చుకోండి. ఇరవై నాలుగు వరసలుంటాయి అందులో, నెలకు రెండు చొప్పున. పాటల పోటీ ముందు అవి చదువుకుందాం.

భోజనానికి పిలుస్తున్నారు. చేతులు కడుక్కున్నాక కుళాయి గట్టిగా కట్టెయ్యండి.